సంచి మీద రాసి ఉంటే సరిపోతుందా?

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఒకరోజు బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, అందులోకి చెయ్యి పోనిచ్చిన సంఘటన మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పైన గింజలు పొడిగా ఉన్నాయి. లోపల వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని వర్తకుణ్ణి అడిగితే, వానకు తడిసిందని అతను జవాబిచ్చాడు. అలాగైతే తడిసిన గింజల్ని జనానికి కనపడేలా పైనే ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని ప్రకటించారు. హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

కల్తీ గురించి, తూనికలు కొలతల గురించి మాట్లాడేటప్పుడు మనం ఈ హదీసును చెప్పుకుంటూ ఉంటాం. కాని కాస్త నిదానంగా చదివితే ఇందులో మరో సంగతి కనిపిస్తుంది. ఆ వర్తకుడు అబద్ధమాడలేదు. అడగ్గానే ఉన్నమాట చెప్పాడు. గింజల్ని తడిపింది కూడా అతను కాదు, వాన. అతని తప్పల్లా ఒక్కటే. తనకు తెలిసిన విషయాన్ని కొనేవాడి కంటికి అందే చోట పెట్టలేదు. ధాన్యం తడిస్తే కొనేవాడికి కలిగే నష్టం నాలుగు డబ్బులు. మరి రాశి అడుగున ఉన్నది తడి కాక విషమైతే?

ప్రమాదకరమైన రసాయనాల డబ్బాల మీద ఏమి రాయాలి, ఏ భాషలో రాయాలి, ఎటువంటి సీసాలో పోసి అమ్మాలి అన్నది ప్రభుత్వాల పని, కంపెనీల పని అని మనం అనుకుంటాం. ధార్మిక పత్రికకు ఈ గొడవ ఎందుకని కొందరు పాఠకులు అడగనూవచ్చు. ఇరాక్‌లో 1971లో జరిగిన విషాదాన్ని తెలుసుకున్న తర్వాత ఈ ప్రశ్న అడగాలనిపించదని మా అభిప్రాయం.

గులాబీ రంగు గోధుమలు

ఇరాక్‌లో వరుసగా పంటలు దెబ్బతిన్నాయి. మంచి దిగుబడినిచ్చే విత్తనాల కోసం ప్రభుత్వం విదేశాల వైపు చూసింది. గోధుమ, బార్లీ కలిపి సుమారు 95 వేల టన్నుల విత్తనం 1971 శరత్కాలంలో బస్రా రేవుకు చేరింది. గోధుమలో అధిక భాగం మెక్సికో నుంచి వచ్చింది. మొలకలకు బూజు తెగులు సోకకుండా ఈ గింజలకు మిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు మందు పట్టించారు. ఇవి తినే గింజలు కావని గుర్తుపట్టడానికి గులాబీ రంగు అద్దారు. సంచుల మీద హెచ్చరిక రాశారు. పుర్రె, ఎముకల బొమ్మ కూడా వేశారు.

అంటే చెప్పవలసింది చెప్పారు. అయితే ఆ హెచ్చరిక స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఇరాక్ పల్లెల్లో అరబీ, కుర్దీ మాట్లాడే రైతులకు ఆ అక్షరాలు గీతలతో సమానం. పుర్రె బొమ్మ అంటే విషం అన్న సంకేతం వారి పెద్దలు వారికి నేర్పింది కాదు.

పైగా విత్తనం పల్లెలకు చేరేసరికి ఆలస్యమైంది. చాలామంది అప్పటికే తమ దగ్గరున్న గింజలు విత్తుకున్నారు. కిందటి పంట పోయి ఇంట్లో తిండికి కటకటగా ఉంది. ఎదురుగా సంచుల నిండా గోధుమలు. కొందరు గింజల్ని కడిగారు, రంగు పోయింది. రంగుతో పాటు మందు కూడా పోయిందని నమ్మారు. పాదరసం మాత్రం గింజలోనే ఉండిపోయింది. మరికొందరు ముందుగా కోళ్ళకు, పశువులకు వేసి చూశారు. వాటికేమీ కాలేదు. ఈ విషం గుణమే అంత. తిన్న వెంటనే ఏమీ తెలియదు. లక్షణాలు బయటపడటానికి వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ తల్లులు ఆ పిండితో రొట్టెలు కాల్చి పిల్లలకు పెట్టారు.

ముందుగా చేతులు, కాళ్ళు, పెదవుల చుట్టూ తిమ్మిరి. తర్వాత నడక తడబడటం, మాట ముద్దగా రావడం, చూపు సన్నగిల్లడం. 1971 డిసెంబరు చివర్లో ఆస్పత్రులకు రోగుల రాక మొదలైంది. అధికారిక లెక్కల ప్రకారం ఆస్పత్రుల్లో చేరినవారు 6,530 మంది, అక్కడ చనిపోయినవారు 459 మంది. ఆస్పత్రి గడప తొక్కకుండానే పోయినవారు ఈ లెక్కలో లేరు. గర్భంలో ఉండగా ఈ విషం సోకిన శిశువులు మెదడు దెబ్బతిని పుట్టారు.

ఇరాక్‌కు ఇది మొదటి అనుభవం కూడా కాదు. 1956లో, 1960లో అక్కడే పాదరసం పట్టించిన విత్తనాలు తిని జనం చనిపోయారు. ప్రమాదం తెలియక జరిగిందని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. తెలిసినవారికి తెలుసు. తెలియవలసినవారికి తెలియలేదు.

అపరాధి ఎవరు?

ఇప్పుడు ప్రశ్న ఇది. సంచి కుట్టినవాడు రేపు ప్రళయదినాన అల్లాహ్ సన్నిధిలో నిలబడి, నేను హెచ్చరిక రాశాను కదా, వాళ్ళు చదవకపోతే నాదేం తప్పు అని చెప్పుకోగలడా?

న్యాయస్థానంలో అయితే ఈ వాదనకు కొంత బలం ఉండవచ్చు. హెచ్చరిక ముద్రించాలన్న నియమం ఉంది, ముద్రించాడు. కాని ధర్మం దృష్టిలో హెచ్చరిక అంటే ఏమిటి? ఈ విషయంలో దివ్య ఖుర్ఆన్‌కు మించిన గీటురాయి మనకు అక్కర్లేదు. ప్రవక్తలు హెచ్చరించేవారు. మానవుల్ని రాబోయే ప్రమాదం నుంచి అప్రమత్తం చేయడమే వారి పని. వారిని పంపిన పద్ధతి గురించి ఇబ్రాహీమ్ సూరా నాలుగో ఆయతులో అల్లాహ్ ఒక ముఖ్య విషయం తెలియజేశాడు. ఏ ప్రవక్తను పంపినా అతని జాతి భాషలోనే పంపాడు, వారికి స్పష్టంగా విడమరచి చెప్పడానికి. ఆలోచించండి. సర్వశక్తిమంతుడైన అల్లాహ్ తన సందేశాన్ని ఏ భాషలోనైనా అవతరింపజేసి, అర్థం చేసుకోవడం మీ బాధ్యత అని ఆజ్ఞాపించగలడు. ఆయన అలా చేయలేదు. హెచ్చరిక వినేవాడి భాషలోకి దిగివచ్చింది. ఎవరికీ అర్థం కాని మాటతో ఏ జాతినీ ఆయన దోషిగా నిలబెట్టలేదు.

అల్లాహ్ తన దాసుల విషయంలో పాటించిన ఈ నియమాన్ని మనిషి సాటి మనిషి విషయంలో పాటించనక్కర్లేదని ఏ ముఖంతో అనగలం? చదవలేని భాషలో రాసిన హెచ్చరికకూ, రాశి అడుగున దాచిన తడి గింజలకూ మాకైతే పెద్ద తేడా కనిపించడం లేదు. ఒకచోట గింజ కప్పింది, ఇంకోచోట లిపి కప్పింది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. కొనేవాడికి కూడా బుద్ధీ వివేకం ఉన్నాయి కదా, అడిగి తెలుసుకోవలసిన బాధ్యత లేదా? తన చేతులారా తనను నాశనంలోకి నెట్టుకోవద్దని ఖుర్ఆన్ (అల్ బఖరా: 195) మనిషినే ఆదేశించింది కదా? ఫిఖ్హ్‌లోనూ ఇందుకు ఆధారం చూపవచ్చు. ఈ వస్తువులోని ఏ లోపానికీ నాది బాధ్యత కాదు అని షరతు పెట్టి అమ్మడం హనఫీ ఫిఖ్హ్ ప్రకారం చెల్లుతుంది. ఆ షరతుకు ఒప్పుకుని కొన్నవాడు తర్వాత వస్తువును తిప్పి ఇవ్వలేడు.

ఈ చిక్కుముడిని విప్పే సంఘటన ఒకటి ఇమామ్ మాలిక్ (రహ్మ) గారి ముఅత్తాలో ఉంది. బానిసత్వం ఇంకా ఉన్న ఆ కాలంలో హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఒక బానిసను 800 దిర్హములకు ఇదే షరతుతో అమ్మారు. కొన్నవాడు ఆ మనిషికి జబ్బు ఉందని, తనకు ఆ సంగతి చెప్పలేదని ఫిర్యాదు చేశాడు. వ్యాజ్యం హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వచ్చింది. షరతు పెట్టాను కదా అని ఇబ్నె ఉమర్ (రజి) అన్నారు. షరతు సరే, అమ్మిన సమయంలో ఆ జబ్బు సంగతి తనకు తెలియదని ప్రమాణం చేయమన్నారు హజ్రత్ ఉస్మాన్ (రజి). ఆయన ప్రమాణం చేయడానికి ఇష్టపడక అమ్మకాన్ని రద్దు చేసుకున్నారు. తీర్పు ఎక్కడ నిలిచిందో గమనించండి. షరతు ఉందా లేదా అన్న దగ్గర కాదు, నీకు తెలుసా తెలియదా అన్న దగ్గర. తెలియని లోపం విషయంలో షరతు కాపాడుతుంది. తెలిసినదాన్ని మింగేసి షరతు చాటున నిలబడితే, న్యాయమూర్తి వదిలినా అల్లాహ్ వదలడు.

రసాయనాల విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది. గొర్రెను కొనేవాడు దాని నోరు తెరచి పళ్ళు చూడగలడు. బట్ట కొనేవాడు దారం లాగి చూడగలడు. సీసాలోని నీళ్ళలాంటి ద్రవాన్ని చూసి ఏ బుద్ధిమంతుడు దాని గుణం చెప్పగలడు? తయారుచేసినవాడికి అంతా తెలుసు, కొనేవాడికి ఏమీ తెలియదు. ఇద్దరి మధ్యా ఉన్న వారధి ఆ చీటీ ఒక్కటే. అడిగి తెలుసుకోవాలంటే కూడా ఏమడగాలో కొంత తెలిసి ఉండాలి కదా!

ఇమామ్ గజాలీ (రహ్మ) తన ఇహ్యా ఉలూమిద్దీన్‌లో పేర్కొన్న ఓ వృత్తాంతం ఇక్కడ చెప్పుకోవాలి. హజ్రత్ వాసిలా బిన్ అస్ఖఅ (రజి) చూస్తుండగా ఒకతను తన ఒంటెను 300 దిర్హములకు అమ్మాడు. కొన్నవాడు ఒంటెను తోలుకుని వెళ్ళిపోతున్నాడు. ఆయన వెనకాలే పరుగెత్తి, దీన్ని మాంసం కోసం కొన్నావా, స్వారీ కోసం కొన్నావా అని అడిగారు. స్వారీ కోసమని అతను చెప్పాడు. దాని గిట్టలో రంధ్రం ఉంది, దూర ప్రయాణం చేయలేదు అని ఆయన తెలిపారు. అతను వెనక్కి వచ్చాడు, అమ్మినవాడు 100 దిర్హములు తగ్గించుకోవలసి వచ్చింది. నా బేరం చెడగొట్టావు కదయ్యా అని అతను వాపోయాడు. ప్రతి ముస్లిం మేలూ కోరతామని దైవప్రవక్త (సఅసం)కు తాము చేసిన ప్రమాణాన్ని వాసిలా (రజి) అతనికి గుర్తుచేశారు.

ఈ వృత్తాంతంలో రెండు సంగతులు మమ్మల్ని ఆకట్టుకున్నాయి. వాసిలా (రజి) అమ్మినవారూ కాదు, కొన్నవారూ కాదు. దారిన నిలబడిన మనిషి. కాని తెలిసింది గనుక చెప్పక తప్పలేదు. రెండోది ఆయన వేసిన ప్రశ్న. మాంసానికా, స్వారీకా? అదే ఒంటె, అదే గిట్ట. కోసుకుని తినేవాడికి ఆ రంధ్రం లోపమే కాదు. ఇరాక్ వెళ్ళిన గోధుమలు కూడా అటువంటివే. అది విత్తనం, మట్టిలోకి వెళ్ళవలసిన గింజ. బస్రా రేవు నుంచి పల్లె దాకా ఆ సంచి ఎన్ని చేతులు మారి ఉంటుంది! విత్తడానికా, తినడానికా అని రైతు గుమ్మం దగ్గర నిలబడి అతని భాషలో అడిగే వాసిలాలు సరిపడినంతమంది లేకపోయారు.

చట్టం ఎందుకు?

దైవభీతి ఉంటే చాలు, చట్టాలెందుకని కొందరు సోదరులు అంటారు. దైవభీతి ఉన్నవాడికి కూడా ఏ మందు ఎంత విషమో కొలిచి చెప్పేవారు కావాలి. లేనివాడికి దండన కావాలి. ఇస్లామీ నగరాల్లో ముహ్తసిబ్ అనే అధికారి బజారులో తిరుగుతూ తూకాలనే కాక అత్తరు, మందుల దుకాణాలను కూడా తనిఖీ చేసేది ఇందుకే. మన దేశంలోనూ ఈ చట్టం ఒక విషాదం తర్వాతే వచ్చింది. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు ఓడ రవాణాలో ఆహారపదార్థాలకు అంటుకుని, వాటిని తిన్నవారిలో వంద మందికి పైగా మరణించారు. ఆ తర్వాత పదేళ్ళకు, 1968లో క్రిమిసంహారక మందుల చట్టం, 1971లో దాని నియమావళి వచ్చాయి. ఇరాక్ విషాదం జరిగిన సంవత్సరమే మన దేశంలో ఈ నియమాలు రావడం కాకతాళీయమే.

ఈ నియమాల ప్రకారం పురుగుమందు డబ్బా మీద మూలపై నిలబెట్టిన చతురస్రపు గుర్తు ఉండాలి. అది చీటీ వైశాల్యంలో కనీసం పదహారో వంతు ఉండాలి. దాని కింది సగంలో ఎరుపు ఉంటే అత్యంత విషపూరితం, పసుపు అయితే తీవ్ర విషం, నీలం అయితే మధ్యరకం, ఆకుపచ్చ అయితే స్వల్పం. ఎరుపు డబ్బాలపై పుర్రె బొమ్మ తప్పనిసరి. గుంటూరు, వరంగల్ వైపు పత్తి పండించే కుటుంబాలు మన పాఠకుల్లో ఉన్నాయి. వారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆకుపచ్చ గుర్తు ఉంటే హాని లేదని అనుకోవడం పొరపాటు. మసీదు గుమ్మటం రంగు చూసి మనకు ఆకుపచ్చ అంటే మంచిదని అలవాటు. డబ్బా మీద దాని అర్థం తక్కువ విషం అని మాత్రమే.

డబ్బాతో పాటు ఇచ్చే కరపత్రంలో ప్రాంతీయ భాష కూడా ఉండాలని నియమం. ఉంటుంది కూడా. కాని మేము చూసిన కొన్ని కరపత్రాల్లో తెలుగు అక్షరాలు చీమ తలకాయంత ఉన్నాయి. ఎన్నో మడతలు విప్పితే గాని మన భాష ఏ మూల ఉందో దొరకదు. అక్షరం నియమం నెరవేరింది. హెచ్చరిక మాత్రం సంచి అడుగుకే వెళ్ళింది. యూరప్ దేశాలు 2008లో చేసిన చట్టం ఈ విషయంలో కొంత ముందుకు వెళ్ళింది. సరుకు ఏ దేశంలో అమ్మితే ఆ దేశపు అధికార భాషలో చీటీ ఉండాలి. డబ్బా ఆకారం పిల్లల్ని ఆకర్షించేలా గాని, తినుబండారాల డబ్బాను పోలి గాని ఉండకూడదు. కొన్ని రకాల రసాయనాలకు పిల్లలు తీయలేని మూత ఉండాలి, చూపులేనివారు వేలితో తడిమి తెలుసుకునే గుర్తు ఉండాలి. ముస్లిమేతరులు చేసిన చట్టమే కావచ్చు. అంధుడైన సహాబీ విషయంలో అబస సూరా అవతరించిన సంగతి తెలిసిన మనకు ఇది పరాయిదిగా అనిపించకూడదు.

ఒర లేని కత్తి

ఇంతవరకు చీటీ గురించి మాట్లాడాం. ఇక సీసా సంగతి. ఇందులో కంపెనీల కంటే మన ఇళ్ళే ముందుగా జవాబు చెప్పుకోవాలి.

మసీదులోగాని బజారులోగాని బాణాలు పట్టుకుని నడిచేవాడు వాటి ములుకుల్ని చేత్తో పట్టుకోవాలని, ఎవరికీ గుచ్చుకోకూడదని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). ఒరలో పెట్టని కత్తిని ఒకరి చేతికి ఒకరు అందించడాన్ని వారించారు (అబూదావూద్, తిర్మిజీ). ఇక్కడ ఎవరికీ దురుద్దేశం లేదు. బాణం మోసుకెళ్ళేవాడు నమాజుకే వచ్చాడు. కత్తి అందించేవాడు స్నేహితుడే. అయినా పదునుకు కప్పు ఉండాలన్నారు. హాని చేయకపోవడం ఒక్కటే చాలదు. హాని జరిగే దారిని మూసి ఉంచాలి.

2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా ధర్మసతి గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల్లో 23 మంది మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. ఆ మందు ఉన్న డబ్బాలోనే నూనె పోసి ఉంచారు. డబ్బా ఖాళీ అయింది గదా అనుకున్నారు. ఖాళీ పురుగుమందు డబ్బాలను పగులగొట్టి, జనావాసాలకు దూరంగా పూడ్చిపెట్టాలని మన నియమావళిలో 1971 నుంచే ఉంది. కాని మన పల్లెల్లో గట్టి డబ్బా కనిపిస్తే పారెయ్యడానికి ఎవరికి మనసొప్పుతుంది? కడిగి పప్పు పోసుకుంటారు, వుజూ నీళ్ళకు పెట్టుకుంటారు. ఇరాక్ రైతు కూడా కడిగాడు.

అది పల్లె సంగతి అనుకునే పట్నవాసులు తమ బాత్రూము తలుపు వెనక ఒకసారి చూసుకోవాలి. తోపుడుబండి మీద ఫినాయిలు, బాత్రూం యాసిడ్ అమ్మేవాడు వాటిని దేనిలో పోసి ఇస్తాడు? పాత కూల్‌డ్రింకు సీసాలో, మంచినీళ్ళ సీసాలో. దాని మీద శీతల పానీయం బొమ్మ ఇంకా మెరుస్తూనే ఉంటుంది. దాహంతో వచ్చిన పిల్లవాడికి ఆ బొమ్మ ఏమి చెబుతుంది? అది రాయని చీటీ కూడా కాదు, అబద్ధపు చీటీ. ఆ అబద్ధానికి అమ్మినవాడితో పాటు ఇంటికి తెచ్చి గూట్లో పెట్టిన మనమూ సాక్షులం. బీహార్ ఘటన జరిగిన రెండు రోజులకే, 2013 జూలై 18న, యాసిడ్ దాడుల కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చింది. కొనేవారి వివరాలు నమోదు చేయకుండా, గుర్తింపు కార్డు చూడకుండా, 18 ఏళ్ళు నిండనివారికి యాసిడ్ అమ్మరాదని అందులో ఉంది. ఆ తర్వాత కూడా బండి మీద ఏ పేరూ లేని సీసా కొంటున్నామంటే, మన కొనుగోలు వల్లనే ఆ వ్యాపారం నడుస్తోందని ఒప్పుకోవాలి.

మాతృమూర్తులకు ఇక్కడే రెండు మాటలు చెప్పడం మా బాధ్యత. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును కలిపి కడగకండి, క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. పిల్లలు యాసిడ్ గాని కిరోసిన్ గాని మింగితే బలవంతంగా వాంతి చేయించకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి, ఆ సీసాను చీటీతో సహా వెంట తీసుకెళ్ళండి. వైద్యుడు ముందుగా అడిగేది ఏం తాగాడు అనే. కూల్‌డ్రింకు సీసా చూపిస్తే ఆయన దాన్ని చదివి ఏం తెలుసుకుంటారు?

మన దుకాణాల్లో

ఇప్పటివరకు మెక్సికో, కంపెనీలు, తోపుడుబండ్లు అన్నాం. ఎదుటివారి తప్పులు చెప్పుకోవడం సులువు. ఇక మన మసీదుల పక్కనున్న దుకాణాల్లోకి వద్దాం. ఈ మాట కొందరికి కష్టం కలిగించవచ్చు.

సుర్మా పెట్టుకోవడం, అందులోనూ ఇస్మిద్ వాడటం సున్నత్ అని మనకు తెలుసు. ఇస్మిద్ అంటే ఆంటిమొనీ రాయి అని పెద్దలు వివరించారు. అయితే బజారులో దొరికే అనేక సుర్మాలను పరీక్షిస్తే అందులో సీసం బయటపడింది. గెలీనా అనే సీసపు ఖనిజాన్ని నూరి అమ్ముతున్నారు. అదీ నల్లగా, మిలమిలా మెరుస్తూనే ఉంటుంది. చూసి తేడా చెప్పలేం. శరీరంలో సీసం ఇంత వరకు చేరినా ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మన ఇళ్ళల్లో నలభై రోజులు నిండని పసికందు కళ్ళకు కూడా సుర్మా దిద్దుతారు, వాడు ఆ కళ్ళు నులుముకుని వేళ్ళు నోట్లో పెట్టుకుంటాడు. బుడ్డి మీద మక్కా మదీనా బొమ్మలు ఉంటాయి. లోపల ఏముందో ఒక్క ముక్క ఉండదు.

రంజాన్ నెల చివర్లో అమ్ముడయ్యే నల్ల మెహందీ కోన్ల కథా ఇదే. అసలైన గోరింటాకు గంటల తరబడి ఉంచితే ఎర్రగా, ముదురు గోధుమ రంగులో పండుతుంది. కొద్దిసేపట్లో కారునలుపు వచ్చిందంటే అందులో ఆకు పని కాదు, తలకు వేసే రంగుల్లో వాడే పారాఫినైలిన్ డయమైన్ అనే రసాయనం ఉండే అవకాశం ఎక్కువ. చర్మానికి నేరుగా పూయడానికి దాన్ని అమెరికా, యూరప్‌లలో అనుమతించలేదు. పండుగనాడు ఆడపిల్లల చేతుల మీద బొబ్బలు లేవడానికి అదే కారణం కావచ్చు. కోన్ మీద చూస్తే పెళ్ళికూతురి బొమ్మ, ఏదో ఒక అందమైన పేరు.

అమ్మే సోదరుడు ఏమంటాడు? మేము అడిగి చూశాం. హోల్‌సేల్ వాడు ఇచ్చాడు, నేను అమ్ముతున్నాను, లోపల ఏముందో నాకేం తెలుసు అన్నాడు. తెలియదు నిజమే. హజ్రత్ ఉస్మాన్ (రజి) అడిగిన ప్రమాణం అతను చేయగలడు. కాని తెలుసుకోకుండా ఉండటం అతనికి లాభసాటి అయినప్పుడు, ఆ తెలియకపోవడం ఎంతవరకు అమాయకత్వం? ఈ ప్రశ్నను మేము పండితుల ముందు ఉంచుతున్నాం. పైగా అదే సోదరుడు చాక్లెట్‌లో పంది కొవ్వు ఉందేమోనని డబ్బా వెనకంతా భూతద్దం పెట్టి చదువుతాడు. హలాల్ విషయంలో చదవడం వచ్చిన కళ్ళకు సీసం విషయంలో చదవడం ఎందుకు రాదు?

వస్త్ర వ్యాపారి అయిన ఇమామ్ అబూహనీఫా (రహ్మ) జీవితంలోని ఒక ఘటన ఈ సోదరుడికి చెప్పదగింది. ఆయన తన భాగస్వామి హఫ్స్‌కు సరుకు పంపుతూ, ఒక వస్త్రంలో లోపం ఉంది, అమ్మేటప్పుడు ఆ సంగతి కొనేవారికి చెప్పమని కబురు చేశారు. హఫ్స్ అమ్మేశాడు. చెప్పడం మరచిపోయాడు. ఆ వస్త్రాన్ని ఎవరు కొన్నారో కూడా అతనికి గుర్తులేదు. విషయం తెలిశాక ఇమామ్ గారు ఆ ఒక్క వస్త్రం ఖరీదునే కాదు, ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసేశారు. లోపం ఎంతదో చరిత్రకారులు చెప్పలేదు. వస్త్రంలో ఉండే లోపం ఎంత ఉంటుంది, నేతలో ఓ చిన్న పోగు తెగి ఉంటుంది. అయినా వెనక నుంచి పరుగెత్తి చెప్పడానికి కొన్నవాడు దొరకలేదు గనుక ఆయనకు ఆ డబ్బు ముట్టుకోబుద్ధి కాలేదు.

ఈసారి పండుగ సరుకు తెచ్చే సోదరులు హోల్‌సేల్ దుకాణంలో డబ్బు లెక్కపెట్టే ముందు ఒక్క మాట అడగాలని మా కోరిక. ఇందులో ఏమేమి కలిపారో రాసి ఇవ్వగలరా అని. రాసి ఇవ్వడానికి వెనకాడే సరుకును అక్కడే వదిలి రావచ్చు. రాసి ఇస్తే ఆ కాగితాన్ని ఉర్దూలో, తెలుగులో రాయించి దుకాణంలో గల్లాపెట్టె పైన, అందరికీ కనపడే చోట అతికించవచ్చు.